లోపలి వైపు లేని కోటు

ఉదయం ఎనిమిదీ ఇరవైకి టైలర్ మాస్టారు మధ్యాహ్నం డబ్బా సంచిలో పెట్టుకుని, చెప్పులు తొడుక్కుని, గుమ్మంలో నిలబడి "ఫ్యాక్టరీకి వెళ్ళొస్తానే" అనేవారు. వంటింట్లోంచి ఆయన భార్య "ఊఁ, జాగ్రత్త" అనేది. ఆదివారాలు తీసేస్తే, పదకొండేళ్ళపాటు ఆయన రోజు మొదలయ్యేది ఆ అబద్ధంతోనే. ఫ్యాక్టరీ ఎక్కడుంది కనక! బడిపిల్లల యూనిఫాంలు కుట్టే ఆ ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది. మిషన్లు ఎవరో పట్టుకుపోయారు. షెడ్డులో ఇప్పుడు ఎవరివో పాత టైర్లు పేర్చి ఉన్నాయి. మాస్టారు బస్సెక్కి, కిటికీలోంచి ఆ టైర్ల వైపు చూసీ చూడనట్టు చూసి, ఇంకో నాలుగు స్టాపులు దాటాక టీవీ స్టూడియో దగ్గర దిగేవారు.

అక్కడ మెట్ల కింద పొడుగాటి గది ఒకటుంది. రెండు కుట్టుమిషన్లు, ఇస్త్రీ బల్ల, తలలేని బొమ్మలు ఆరు, గోడ పొడవునా ఇనప కడ్డీకి వేలాడే బట్టలు. రాజుగారి అంగీ పక్కన పోలీసు చొక్కా, దాని పక్కన నర్సు గౌను, ఆ పక్కన ముష్టివాడి చిరుగుల కోటు. ఆ చిరుగులు కూడా మాస్టారు కొలిచి చింపినవే. కాస్ట్యూమ్స్ చూసే మేడమ్ ఇలా ఉండాలని నోటితో చెబుతుంది, మాస్టారు చేత్తో చేసి పెడతారు. ఆ గదికి ఆ ఇద్దరే.

ఇందులో దాచుకోవాల్సిందేముంది అంటారా? ఉంది. మాస్టారి భార్యకి ఒక అన్నయ్య ఉండేవాడు. పంతొమ్మిదో ఏట "ఒక్క నాటకం ఆడి వచ్చేస్తానమ్మా" అని ఏదో నాటకాల బృందం వెంట వెళ్ళాడు. ఆ నాటకం ఇప్పటికీ ఆడుతూనే ఉన్నట్టుంది, మనిషి తిరిగి రాలేదు. తల్లి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఎదురు చూసీ చూసీ ఆ కుర్చీలోనే కన్నుమూసింది. పెళ్ళయిన మొదటి నెలలోనే ఆవిడ మాస్టారితో తెగేసి చెప్పింది. "వేషాలు కట్టేవాళ్ళకి ఇంట్లో ఒక మొహం, గుమ్మం దాటితే ఇంకో మొహం. అలాంటివాళ్ళతో పొత్తు పెట్టుకున్న మనిషితో మాత్రం నేను కాపురం చెయ్యలేనండీ. ముందే చెబుతున్నా" అంది. ఆవిడ ఒక మాట అందంటే రాసి సంతకం పెట్టినట్టే.

ఫ్యాక్టరీ మూతపడ్డాక ఊళ్ళో ఒక్క స్టూడియోవాళ్ళే రమ్మన్నారు. ఒక వారం చేసి చూసి, నిదానంగా చెబుదామనుకున్నారు మాస్టారు. వారం నెలయింది, నెల ఏడాదయింది. చెప్పాల్సిన మాట రోజురోజుకీ బరువెక్కుతూ పోయింది. సాయంత్రం ఆవిడ "ఇవాళేం కుట్టారు?" అనేది. పొద్దుటినుంచీ దెయ్యానికి గౌను కుట్టొచ్చిన మనిషి "కాలర్లు" అనేవారు. ఒకసారి చెవి వెనక తళుకు బిళ్ళ అంటుకుని వచ్చింది. ఆవిడ దాన్ని గోటితో తీసి, దీపం దగ్గర పెట్టి చూసి, "బడిపిల్లల చొక్కాలకి ఇవెందుకండీ?" అంది. "ఏదో బడిలో వార్షికోత్సవంట" అన్నారు మాస్టారు, కంచంలోంచి తలెత్తకుండా. ఇంత చక్కగా అబద్ధం ఆడేవాడి ముందు ఏ నటుడూ పనికిరాడు!

అలాంటి మనిషి ఉండే స్టూడియోకే ఒక గూఢచారి సీరియల్ వచ్చి పడింది. పేరు 'రెండో తలుపు'. అందులో హీరో పగలు తపాలా కార్యాలయంలో గుమాస్తా. నత్తి, వంగిన వీపు, బూడిదరంగు కోటు. ఇంకోవేళ అతనే గూఢచారి. నిటారు వీపు, నల్ల కోటు, నత్తి మచ్చుకైనా ఉండదు. కట్టుకున్న భార్యకి కూడా ఆ రెండో మనిషి సంగతి తెలియదు. కథ చెబుతుంటే విన్న మాస్టారికి మిషను మీద కాలు ఆగిపోయింది. తన బతుకు ఎవరో కిటికీలోంచి చూసి రాసినట్టుంది. కాకపోతే తనకి నత్తి లేదు, తుపాకీ అంతకన్నా లేదు.

అసలు చిత్రం ఏమిటంటే, ఆ సీరియల్‌ని ఊళ్ళో చూసేవాళ్ళే లేరు, చూసే ఆ పదిమందిలో ఒకరు మాస్టారి భార్యే. బుధవారం సాయంత్రం ఏడయ్యేసరికి ఆరిన బట్టల గుట్ట ఒళ్ళో వేసుకుని టీవీ ముందు కూర్చునేది. "వేషాలంటే పడదుగా నీకు?" అని మాస్టారు ఒకసారి మెల్లిగా కదిపి చూశారు. "టీవీలో చూడ్డం వేరు, ఇంట్లో పెట్టుకోవడం వేరు" అంది. ఆ తర్వాత బట్టలు మడతపెడుతూ హీరోని తిట్టిపోసేది. "పాపిష్టివాడా! ఆ పిచ్చితల్లి వేడినీళ్ళు పెట్టి కూర్చుందిరా నీకోసం! ఎలా నిద్రపడుతుందిరా నీకు?" మాస్టారు పక్కన కూర్చుని, ఆ తిట్లన్నీ తనవే అన్నట్టు ఒక్కొక్కటే మింగేవారు.

ఇరవై ఆరు వారాలు నడవాల్సిన సీరియల్‌ని ఏడో వారంతో ఆపేయమన్నారు పైవాళ్ళు. ఆ కబురు నాలుగో వారం వెళ్ళగానే వచ్చింది. డైరెక్టరు మొహం వాడిపోయింది కానీ మొండిమనిషి. తిన్నగా మెట్ల కింద గదికి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మాస్టారూ, పోయేది ఎలాగూ పోతోంది. ఒక్క షాట్ మాత్రం చూసినవాడు చచ్చేదాకా మర్చిపోకూడదు. తపాలా కార్యాలయం మెట్లు ఎక్కుతూ గుమాస్తా వస్తాడు. మధ్యలో మలుపు. ఆ మలుపులో కోటు విప్పి, తిప్పి తొడుక్కుని, ఆగకుండా పైకి వెళ్ళిపోవాలి. వెళ్ళేవాడు గూఢచారి. కెమెరా ఎక్కడా ఆగదు. కుడతారా?"

"తిరగేసి తొడుక్కునే కోటా? అది ఎవరైనా కుడతారు బాబూ. లోపలి కుట్లు కనపడితే సరే అంటే."

"కనపడకూడదు. రెండు వైపులా బయటి వైపే కావాలి."

ముప్ఫైయేళ్ళ పనిలో ఎవరూ అడగని మాట అది. బట్ట అన్నాక ఒక లోపల ఉంటుంది. ముడులు, మిగులు గుడ్డ, అతుకులు, కుట్టేవాడి తిప్పలన్నీ దాక్కునే చోటు అది. అది లేకుండా కోటంటే ఆ తిప్పలన్నీ ఎక్కడ పెట్టాలి?

పన్నెండు రోజులు పట్టింది. బూడిదరంగు గుడ్డనీ నల్లగుడ్డనీ వీపుకి వీపు ఆనించి, ప్రతి అతుకునీ రెండు గుడ్డల మధ్యకి తోసి, పైనుంచి చేత్తో కుట్టారు. జేబుకి రెండు నోళ్ళు. గుండీకి అటొకటి, ఇటొకటి. భుజం దగ్గర నాలుగుసార్లు విప్పి నాలుగుసార్లు కుట్టారు. పన్నెండో రోజు కాస్ట్యూమ్ మేడమ్ కళ్ళజోడు పెట్టుకుని, కోటు తిప్పి తిప్పి చూసి, "లోపలి వైపు ఎటుపోయింది మాస్టారూ?" అని ముక్కున వేలేసుకుంది. చెబితే నమ్మరు కానీ, మాస్టారు కూడా తన చేతులు చేసిన పనిని తనే మొదటిసారి చూస్తున్నట్టు నిలబడిపోయారు.

షాట్ రోజు మెట్ల చుట్టూ ముప్ఫై మంది. హీరోకి స్టూడియోలో నిలువుటద్దం అని పేరు, అద్దం కనపడితే కదలడు కాబట్టి. ఆ రోజు మాత్రం అద్దం వంక చూడలేదు. వంగిన వీపుతో, ఒక్కో మెట్టూ పట్టుకుని ఎక్కాడు. మలుపులో భుజం ఒకసారి జార్చాడు. కోటు గాల్లో ఒక్క చుట్టు తిరిగింది. అంతే, ఆ గుమాస్తా లేడు! వెన్ను సాగింది, మెడ లేచింది, నడక మారింది. పైమెట్లు ఎక్కుతున్న ఆ నల్లకోటు మనిషిని ఇంతకుముందు ఎవరూ చూసి ఎరగరు. లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా ఊపిరి బిగబట్టారు. మాస్టారు అది తన కోటన్న సంగతే మర్చిపోయి, ఎవరీ మనిషి, ఎక్కడికి వెళుతున్నాడు అని భయంభయంగా చూశారు.

డైరెక్టరు ఆ షాట్‌ని చిన్న టీవీలో మళ్ళీ వేసి చూపించాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే మాస్టారు టీవీ మీదకి వంగారు. నల్లకోటు వీపున, కాలరు కింద, సరిగ్గా మధ్యలో, ఎర్రదారం కుట్టు ఒకటి కనిపిస్తోంది. బియ్యపుగింజంత.

ఆ కుట్టు కథ చెప్పాలి. ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో మాస్టారికి పని నేర్పిన పెద్దాయన, బట్ట పూర్తయ్యాక లోపలి వైపు కాలరు కింద ఒక ఎర్రకుట్టు వెయ్యమనేవాడు. ఏ వైపు లోపలో తెలియడానికి, ఎవరి పనో తెలియడానికి. ముప్ఫైయేళ్ళుగా ఆ కుట్టు వెయ్యకుండా మాస్టారి చేతులు సూది కింద పెట్టలేదు. ఇంట్లో ప్రతి చొక్కాకీ, దిండుగలీబుకీ అది ఉంది. ఆవిడ బట్టలు మడతపెట్టేటప్పుడు చూడనక్కర్లేదు, వేలు ఆ కుట్టుకి తగిలితే ఇది లోపలి వైపు అని తిరగేసేస్తుంది. ఇప్పుడు లోపలే లేని కోటుకి కూడా చేతులు మనిషిని అడక్కుండా ఆ కుట్టు వేసేశాయి. ఆ రోజు సూది కింద పెడుతూ ఆయన దాన్ని చూసుకోనేలేదు.

మాస్టారు బ్లేడు పట్టుకుని పరుగెత్తారు. "పొరపాటు బాబూ, ఒక్క క్షణం, తీసేస్తాను. మళ్ళీ తియ్యండి షాట్."

"ముట్టుకున్నారంటే ఊరుకోను!" అని డైరెక్టరు అడ్డం వచ్చాడు. అతని కళ్ళు మెరుస్తున్నాయి. "మాస్టారూ, భార్యకి మొగుడి సంగతి ఎలా తెలుస్తుందో నాలుగు వారాలుగా కొట్టుకు చస్తున్నా. జేబులో రైలుటిక్కెట్టు దొరుకుతుందని రాశాను. ఛీ, ప్రతివాడూ రాసేదే అది. ఇప్పుడు చూడండి. వీధిలో ఎవరో నల్లకోటు మనిషి వెళుతుంటే భార్య వెనకనుంచి చూస్తుంది, వీపున ఎర్రకుట్టు. ఇంటికొచ్చి, కొక్కేనికున్న మొగుడి బూడిదకోటు దులుపుదామని తిరగేస్తుంది. నలుపు. ఎర్రకుట్టు. అంతే! ఒక్క మాట అక్కర్లేదు!"

వద్దనడానికి మాస్టారి దగ్గర కారణం ఉంది, చెప్పే వీలు లేదు. ఆ సాయంత్రమే ఎర్రకుట్టు తెర మీద పెద్దగా కనపడేలా దగ్గరనుంచి షాట్ తీశారు.

బుధవారానికి నాలుగు రోజులుంది. పదకొండేళ్ళుగా కడుపులో చల్ల కదలకుండా నడిచిన అబద్ధం మీద నాలుగు రోజుల్లో వెలుగు పడబోతోంది. టీవీ తీగ తెంపేద్దామా అనుకున్నారు. ఆ సాయంత్రం ఆవిణ్ణి ఎక్కడికైనా తీసుకెళదామా అనుకున్నారు. రెండూ మరో రెండు అబద్ధాలే. సోమవారం గట్టిగా ఊపిరి పీల్చుకుని, "నీతో ఒక మాట చెప్పాలే" అన్నారు. ఆవిడ బట్టలు మడతపెడుతోంది. వేలు కాలరు కిందకి వెళ్ళి, కుట్టు తగిలి, చొక్కా తిరగబడింది. ఇంకో చొక్కా. వేలు, కుట్టు, తిరగేత. మాస్టారు ఆ వేలునే చూస్తూ ఉండిపోయారు.

"చెప్పండి?"

"ఏం లేదు. డబ్బా మూత వదులైంది."

వాళ్ళమ్మలాగే కిటికీ దగ్గర కుర్చీలో ఎదురుచూస్తూ కూర్చున్న ఆవిడ ఆయన కళ్ళముందు మెదిలింది. ఆవిడ అన్నయ్య చేసిందే తనూ చేశారు. కాకపోతే ఆయన రోజూ సాయంత్రం ఇంటికి వచ్చారు. అదొక్కటే తేడా.

బుధవారం ఏడయింది. "ఇవాళ్టితో అయిపోతుందట" అంది ఆవిడ కూర్చుంటూ. "వీడి పని పట్టకుండానే!"

"చూడు, అది మొదలయ్యేలోపు..." అన్నారు మాస్టారు.

"ఉష్! మొదలైంది."

మెట్ల షాట్ వచ్చింది. కోటు తిరిగింది, మనిషి మారాడు. ఆవిడ చేతుల్లో తువ్వాలు సగం మడతలో ఆగిపోయింది. తిట్టు కూడా రాలేదు నోట్లోంచి. "అమ్మో" అంది, గుడిసెలోంచి మెరుపు చూసిన పిల్లలా. మాస్టారికి ఒక్క క్షణం భయం పోయి, గుండె ఉప్పొంగింది. పదకొండేళ్ళలో తను చేసిన పని ఆవిడ చూడటం, నోరు తెరిచి చూడటం, అదే మొదలు.

తర్వాత సీరియల్‌లోని భార్య ఇంట్లో కోటు తిరగేసింది. టీవీ నిండా నలుపు. మధ్యలో ఎర్రకుట్టు.

ఇక్కడ ఆవిడ చేతుల్లో మాస్టారి చొక్కా ఉంది. వేలు అలవాటుగా కాలరు కిందకి వెళ్ళింది. తగిలింది. ఆవిడ తల దించి ఒళ్ళో కుట్టుని చూసింది, తల ఎత్తి టీవీలో కుట్టుని చూసింది. అదే వాలు. అదే ముడి. అదే ఎరుపు. టీవీలో తలుపు చప్పుడైంది. మొగుడు లోపలికి వచ్చాడు. కోటు చేత్తో పట్టుకున్న భార్య అతని వైపు తిరిగి ఏదో చెప్పడానికి నోరు తెరిచింది. అక్కడ ఆగిపోయింది బొమ్మ. పేర్లు పడ్డాయి. ఆ భార్య ఏమందో ఈ లోకంలో ఎవరికీ తెలియదు.

"ఏమండీ."

"ఊఁ."

"అది మీ కుట్టు."

"నాదే."

"మరి ఫ్యాక్టరీ?"

"మూతపడి పదకొండేళ్ళయింది. వేషాలకి బట్టలు కుడుతున్నాను." ఆగి, "నువ్వు వెళ్ళిపోతావని చెప్పలేదు" అన్నారు.

ఆవిడ అరవలేదు, ఏడవలేదు. చొక్కా మడత పూర్తి చేసి, గుట్ట మీద పెట్టి, లోపలికి వెళ్ళింది. గురువారం మాట లేదు. శుక్రవారం మాట లేదు. డబ్బా మాత్రం ఎనిమిదీ ఇరవైకి గుమ్మం దగ్గర ఉండేది. "ఎక్కడికి వెళ్ళొస్తా" అనాలో తెలియక మాస్టారు "వెళ్ళొస్తా" అని మాత్రం అన్నారు. లోపల్నుంచి "ఊఁ" కూడా రాలేదు. ఆ రెండు రోజులూ బస్సులో ఆయన టైర్ల షెడ్డు వైపు నేరుగా చూశారు.

శుక్రవారం సాయంత్రం అన్నం వడ్డిస్తూ ఆవిడ హఠాత్తుగా అడిగింది.

"ఆ కోటుకి లోపలి వైపు ఏది?"

"లేదు."

"లోపల లేని బట్ట ఉంటుందా ఎక్కడైనా? నాకు చెవిలో పువ్వులు పెట్టకండి."

"ఒట్టు. రెండూ బయటే."

"అతుకులు ఎక్కడ పెట్టారు?"

"మధ్యలో."

ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. ముప్ఫైయేళ్ళు టైలరుతో కాపురం చేసిన మనిషి. అది ఎంత అసాధ్యమో ఆవిడకి తెలుసు.

శనివారం ఎనిమిదీ ఇరవైకి ఆవిడ కూడా చెప్పులు తొడుక్కుని గుమ్మంలో ఉంది. "పదండి. ఆ కోటు నేను చేత్తో పట్టుకుని చూడాలి."

మెట్ల కింద గదిలోకి రాగానే కాస్ట్యూమ్ మేడమ్ లేచి నిలబడింది. "మాస్టారుగారి ఆవిడా? ఇన్నాళ్ళకా రావడం!" అంటూ కుర్చీ వేసింది. ఆవిడ కూర్చోలేదు. రాజుగారి అంగీని, నర్సు గౌనుని, చిరుగుల కోటుని వరసగా తిరగేస్తూ పోయింది. ప్రతిదాని కాలరు కిందా వేలికి ఎర్రకుట్టు తగిలింది. పదకొండేళ్ళూ అక్కడే వేలాడుతున్నాయి. ఆవిడ నడక నెమ్మదించింది.

చివర్న ఆ కోటు. కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి తిప్పింది. చేతులు లోపలికి లాగింది, బయటికి లాగింది. జేబులో చెయ్యి పెడితే వేళ్ళు అటు తేలాయి. అతుకు దొరకలేదు. అరగంట వెతికింది. ఆ అరగంటా మాస్టారు టేపు మెళ్ళో వేసుకుని, తీర్పు వినడానికి నిలబడ్డవాడిలా నిలబడ్డారు. చివరికి ఆవిడ కోటుని గుండెకి ఆనించుకుని, "ఈ చేతులేనా ఇది కుట్టింది? నాకు రోజూ చెక్కుచెదరని అబద్ధం చెప్పిన మనిషి చేతులేనా?" అంది. కళ్ళు నిండిపోయాయి. అది కోపమో ఆశ్చర్యమో ఆవిడకే తెలియనట్టుంది.

మేడమ్ వాతావరణం తేలిక చేద్దామని, "సీరియల్ చూశారటగా! ఆ భార్య తర్వాత ఏమని ఉంటుందంటారు? మా డైరెక్టరుకే తెలియదట" అంది.

ఆవిడ కోటు పట్టుకుని మాస్టారి దగ్గరకి వచ్చింది. "తొడుక్కోండి" అంది.

"నేనా? ఇది హీరో కొలతకి..."

"తొడుక్కోమన్నానా!"

ముప్ఫైయేళ్ళు ఊరందరికీ బట్టలు కుట్టిన మనిషి అలాంటి కోటు ఎన్నడూ తొడుక్కోలేదు. ఆవిడే వెనకనుంచి పట్టుకుంది, నల్లవైపు బయటికి. ఆయన చేతులు దూర్చారు. హీరో ఆరడుగుల మనిషి. భుజాలు మోచేతుల దాకా జారాయి, చేతుల్లోంచి వేళ్ళు కూడా బయటికి రాలేదు, అంచు మోకాళ్ళ కింద వేలాడింది. ఆవిడ గుండీలు పెట్టింది, ఒక్కొక్కటే. రెండడుగులు వెనక్కి జరిగి, పైనుంచి కిందిదాకా చూసింది. బుధవారం నుంచి బిగుసుకున్న మొహం మొదట పెదవుల దగ్గర వదులైంది, తర్వాత కళ్ళ దగ్గర. పకపకా నవ్వేసింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"ఇది మీ కొలత కాదండీ" అంది. "విప్పేయండి."